పట్టాలు లేని కొత్త రైడ్ కోసం ఎదురుచూసేవారికి

థీమ్ పార్కు వారు పట్టాలు లేని కొత్త రైడ్‌ను ప్రకటించిన రోజుకూ, అందులో మనం కూర్చునే రోజుకూ మధ్య తరచుగా ఏళ్లే గడుస్తాయి. ఆ కాలమంతా చాలామంది వార్తల వెంట, నిర్మాణ స్థలం ఫొటోల వెంట, చివరికి రైడ్ మొత్తాన్ని చిత్రీకరించిన వీడియోల వెంట పడతారు. తీరా లోపలికి అడుగుపెట్టేసరికి కొత్తగా చూడవలసినదేదీ మిగలదు. ఈ రకం రైడ్‌ల విషయంలో నేను గట్టిగా నమ్మేది ఒకటుంది: యంత్రం గురించి ఎంత తెలుసుకుంటే అంత మంచిది, కథ గురించి ఎంత తక్కువ తెలిస్తే అంత మంచిది. యంత్రం తెలిసినవారి కంటికి చీకట్లో జరిగే చిన్న కదలిక కూడా ఆనుతుంది. కథ తెలియనివారికి ప్రతి మలుపూ కొత్తగా ఉంటుంది. ఈ రెండూ ఎలా సాధ్యమో, ప్రయాణాన్ని ఎలా అమర్చుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను. అమెరికాలో ఉంటున్న పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలను డిస్నీ పార్కులున్న ఆర్లాండోకో అనాహైమ్‌కో తీసుకువెళ్లడం మన కుటుంబాల్లో మామూలైంది కనుక, పెద్దవారితో, చిన్నపిల్లలతో వెళ్లేవారికి పనికొచ్చే సంగతులనూ చేర్చాను.

ముందు యంత్రం

పాత తరం ఇండోర్ రైడ్ ఎలా నడుస్తుందో చూడండి. కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్‌లో 1969లో మొదలైన హాంటెడ్ మాన్షన్‌లో బండ్లన్నీ ఒకే గొలుసుగా సాగుతాయి. ప్రతి బండీ దృశ్యం వైపు తిరుగుతుంది కానీ, తన వంతుగా ఆగలేదు, పక్కకు తప్పుకోలేదు, ముందున్న బండిని దాటలేదు. పట్టాలు లేని రైడ్‌లో ప్రతి వాహనానికీ సొంత బ్యాటరీ, సొంత మోటార్లు ఉంటాయి. అది ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది, వెనక్కి నడుస్తుంది, ఎదురుగా వచ్చే వాహనానికి దారి ఇచ్చి నిలబడుతుంది. కోలాటం చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది: ఒకరినొకరు తాకకుండా దాటుకుంటూ, జట్లు మార్చుకుంటూ, తాళం తప్పకుండా మళ్లీ వరుసలోకి చేరడం ఎంత కష్టమో అక్కడ కనిపిస్తుంది. ఇక్కడ తాళం వేసేది కేంద్ర కంప్యూటర్. వాహనం నేలలో అమర్చిన గుర్తులను చదువుతూ, చక్రాలు ఎంత దూరం తిరిగాయో లెక్కగడుతూ తానెక్కడున్నదీ గ్రహిస్తుంది. ఆ సమాచారం వైర్‌లెస్ ద్వారా అందుకున్న కంప్యూటర్ ఎవరు ముందుకు కదలాలో, ఎవరు ఆగాలో నిర్ణయిస్తుంది.

ఈ స్థితికి రావడానికి చాలా కాలం పట్టింది. ఫ్లోరిడాలోని డిస్నీ పార్కు ఎప్కాట్‌లో 1982 అక్టోబరు 1న తెరిచిన యూనివర్స్ ఆఫ్ ఎనర్జీలో, ఒక్కొక్కటి దాదాపు వంద మందిని మోసే కదిలే ప్రేక్షకశాలలు నేలలో పరిచిన సన్నని తీగ వెంట నడిచేవి. పట్టాలు లేవన్నమాటే గాని, దారి మాత్రం తీగ గీసిన గీతే. ఆ గీతను దాటించినది టోక్యో డిస్నీల్యాండ్‌లో 2000 సెప్టెంబరు 4న మొదలైన పూస్ హన్నీ హంట్. తేనె కుండల ఆకారంలో ఉన్న వాహనాలు కలిసి బయలుదేరి, ఒక గదిలో వేర్వేరు దిక్కులకు విడిపోయి, తిరుగుతూ ఒకదాని చుట్టూ ఒకటి అల్లుకుపోతాయి. నా దృష్టిలో ఈ తరహా రైడ్‌లన్నిటికీ ఇదే పెద్ద దిక్కు. హాంకాంగ్‌లో 2013 మేలో వచ్చిన మిస్టిక్ మేనర్, ప్యారిస్‌లో 2014 జులైలో వచ్చిన రాటటూయీ రైడ్, నెదర్లాండ్స్‌లోని ఎఫ్టెలింగ్ పార్కులో 2017 జులై 1న తెరిచిన సింబోలికా, ఆర్లాండోలో 2019 డిసెంబరు 5న మొదలైన స్టార్ వార్స్: రైజ్ ఆఫ్ ద రెసిస్టెన్స్, షాంఘైలో 2023 డిసెంబరులో తెరిచిన జూటోపియా రైడ్ అన్నీ ఆ దారినే వచ్చాయి.

ఆర్లాండోలోని మిక్కీ అండ్ మిన్నీస్ రన్‌అవే రైల్వేను కొంచెం దగ్గరగా చూద్దాం. కార్టూన్ పాత్ర గూఫీ నడిపే ఇంజను వెనుక నాలుగు పెట్టెలు తగిలించి ఉంటాయి. ఎక్కేటప్పుడు అది అచ్చం రైలే. ఇంజను ఎటు తిరిగితే పెట్టెలు అటు తిరుగుతాయి. కొద్దిసేపటికి ఇంజను తన దారిన తాను పోతుంది, పెట్టెలు ఒక్కొక్కటిగా విడిపోతాయి. రైలంటే పట్టాలుంటాయన్న మన అలవాటును ఆసరా చేసుకుని, ఆ అలవాటునే ఒక్క క్షణంలో తలకిందులు చేయడం ఆ రైడ్ గొప్పతనం. అదే భవనంలో 1989 నుంచి 2017 వరకు నడిచిన గ్రేట్ మూవీ రైడ్ వాహనాలు కూడా నేలలోని తీగ వెంటే సాగేవని తెలిస్తే, ఒకే కప్పు కింద రెండు తరాలు నడిచాయని అర్థమవుతుంది. ఇలాంటి సంగతులు ముందే తెలుసుకోవడం వల్ల రైడ్ రుచి తగ్గదు, పెరుగుతుంది.

ఏది చూడాలి, ఏది చూడకూడదు

కొత్త రైడ్ గురించి పార్కు విడుదల చేసే ఊహాచిత్రాలు, నమూనా వాహనం ఫొటోలు, ఇంజనీర్ల మాటలు నిశ్చింతగా చూడవచ్చు. అందులో వాహనం ఆకారాన్ని శ్రద్ధగా గమనించండి: ఎన్ని వరుసలున్నాయి, ముందు వరుస వెనుక వరుసకు అడ్డు వస్తుందా, భద్రతకు బెల్టు మాత్రమే ఉందా లేక ఒడిలోకి దిగే కడ్డీ ఉందా అన్నవి చూస్తే ఆ రైడ్ ఎంత నెమ్మదిగా లేదా ఎంత దూకుడుగా ఉంటుందో చాలావరకు ఊహించవచ్చు. రైడ్ తెరిచిన తరువాత వచ్చే పూర్తి నిడివి వీడియోలకు మాత్రం దూరంగా ఉండండి. అవి కథను బయటపెడతాయన్నది ఒక్కటే కారణం కాదు. కెమెరా ఒకే దిక్కుకు చూస్తుంది; పట్టాలు లేని రైడ్‌లో అసలు ఆనందం పక్క వాహనం ఎటు పోయిందో తల తిప్పి వెతకడంలో, అది అనుకోని మూలనుంచి మళ్లీ ఎదురుకావడంలో ఉంటుంది. వీడియోలో అది దొరకదు. పైగా చీకట్లో కంటికి కనబడని గోడలను, పైకప్పును కొన్ని కెమెరాలు తేటగా చూపించి, దృశ్యానికున్న లోతును చంపేస్తాయి.

ఆత్రం ఆగకపోతే దానికొక దారి ఉంది. మీరు వెళ్లే అవకాశం దాదాపు లేని మరో దేశపు, పట్టాలు లేని పాత రైడ్ వీడియో ఒకటి చూడండి. వాహనాలు ఎలా విడిపోతాయో, ఎలా తిరుగుతాయో అందులో తెలుస్తుంది. మీ కోసం వస్తున్న కొత్త దృశ్యాలు మాత్రం చెక్కుచెదరవు. చీకటంటే, పెద్ద శబ్దాలంటే భయపడే పిల్లలుంటే ఈ నియమాన్ని సడలించవలసిందే. అలాంటి పిల్లలకు అసలు రైడ్‌లోని ఒకటి రెండు నిమిషాలు, అదీ అన్నిటికంటే భయపెట్టే చోటు చూపించి, అది బొమ్మేనని నచ్చజెప్పి తీసుకువెళ్లడం మేలు. భయంతో ఏడ్చే పిల్లవాడికి ఆశ్చర్యంతో పనిలేదు.

తేదీలను నమ్ముకుని టికెట్లు కొనవద్దు

ఈ సూచనను నేను అన్నిటికంటే గట్టిగా చెబుతాను. ప్రకటించిన తేదీ మారడం ఈ రంగంలో సహజం. ఆర్లాండోలో స్టార్ వార్స్ ప్రాంతం 2019 ఆగస్టు 29న తెరుచుకున్నా, దాని ప్రధాన ఆకర్షణ అయిన రైజ్ ఆఫ్ ద రెసిస్టెన్స్ మొదలవడానికి డిసెంబరు దాకా పట్టింది. మధ్యలో వెళ్లినవారు ఆ రైడ్ చూడకుండానే తిరిగి వచ్చారు. టోక్యో డిస్నీల్యాండ్‌లో బ్యూటీ అండ్ ద బీస్ట్ రైడ్ 2020 ఏప్రిల్‌లో తెరవవలసి ఉండగా మహమ్మారి కారణంగా సెప్టెంబరు 28కి జరిగింది. రన్‌అవే రైల్వే 2020 మార్చి 4న మొదలై, రెండు వారాలైనా గడవకముందే పార్కుతో పాటు మూతపడింది. ప్యారిస్ రాటటూయీ రైడ్ తరహాలోనే ఎప్కాట్‌లో కట్టిన రెమీ రైడ్ 2021 అక్టోబరు 1న గాని తెరుచుకోలేదు. మహమ్మారి ప్రతిసారీ రాదు, కానీ ఆలస్యానికి అదొక్కటే కారణం కాదు. పట్టాలున్న రైడ్‌లో ఒక బండి సరిగా నడిస్తే మిగతావాటి గురించి సగం బెంగ తీరినట్టే. ఇక్కడ పదుల వాహనాలు ఒకే సమయంలో, ఒకదాని దారిలోకి ఒకటి రాకుండా, సంగీతానికీ బొమ్మల కదలికలకూ సరిపోయేలా నడవాలి. ఒక్కటి గుర్తు తప్పి ఆగినా దాని చుట్టూ ఉన్నవన్నీ భద్రత కోసం ఆగిపోతాయి. అందుకే ఇటువంటి రైడ్‌లు మొదటి నెలల్లో తరచుగా నిలిచిపోతుంటాయి.

కాబట్టి దూరం నుంచి వచ్చేవారు, ముఖ్యంగా ఇండియా నుంచి విమానం ఎక్కి వచ్చేవారు, ప్రారంభ తేదీ నుంచి కనీసం మూడు నాలుగు నెలలు వదిలి ప్రయాణం పెట్టుకోవాలి. దగ్గరలో ఉన్నవారికి మాత్రం అధికారిక ప్రారంభానికి ముందు వచ్చే సాఫ్ట్ ఓపెనింగ్ ఒక వరం. పరీక్ష కోసం పార్కు వారు ముందస్తు ప్రకటన లేకుండానే రైడ్ తలుపులు తెరిచి, వచ్చిన సందర్శకులను అనుమతిస్తారు, ఎప్పుడైనా మూసేస్తారు. దాని కోసం ప్రత్యేకంగా ప్రయాణం కట్టవద్దు. ఎలాగూ పార్కులో ఉన్న రోజున ఆ వైపు ఒకటి రెండుసార్లు నడిచి చూస్తే చాలు.

వెళ్లే రోజు

పార్కు యాప్‌ను ముందురోజే ఫోన్‌లోకి దించుకుని, కుటుంబంలో అందరి టికెట్లను ఒకే ఖాతాకు జోడించండి. కొత్త రైడ్‌కు మామూలు క్యూ ఉండకపోవచ్చు. రైజ్ ఆఫ్ ద రెసిస్టెన్స్ ఆర్లాండోలో 2021 సెప్టెంబరు వరకు ప్రధానంగా వర్చువల్ క్యూ మీదే నడిచింది. యాప్‌లో బృంద సంఖ్య దొరికినవారే ఆ రోజు లోపలికి వెళ్లగలిగేవారు. మీరు వెళ్లే రైడ్‌కు ఏ పద్ధతి ఉందో, డబ్బు చెల్లించి తొందరగా వెళ్లే వీలుందో లేదో ముందురోజు రాత్రే చూసుకోండి. మామూలు క్యూ ఉంటే గేటు తెరవకముందే చేరుకుని నేరుగా ఆ రైడ్‌కే వెళ్లాలి. ఫొటోలు, టిఫిన్లు తరువాత.

ఎత్తు నియమం ముందే తెలుసుకోవడం పిల్లల కన్నీళ్లను ఆపుతుంది. రైజ్ ఆఫ్ ద రెసిస్టెన్స్‌కు 40 అంగుళాలు, అంటే 102 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. రన్‌అవే రైల్వేకు, రెమీ రైడ్‌కు ఆ నిబంధన లేదు, అమ్మమ్మ పక్కన మనవరాలు కూర్చోవచ్చు. ఎత్తు చాలని పిల్లలుంటే రైడర్ స్విచ్ కావాలని సిబ్బందిని అడగండి: కొందరు రైడ్‌కు వెళ్లి వచ్చేదాకా మిగతావారు పిల్లలతో బయట ఉండి, ఆ తరువాత మళ్లీ మొత్తం క్యూలో నిలబడకుండా లోపలికి వెళ్లవచ్చు. గర్భవతులు, గుండె జబ్బు, మెడ నొప్పి, నడుము నొప్పి ఉన్నవారు ప్రవేశద్వారం దగ్గరి హెచ్చరికను చదవకుండా ముందుకు పోకూడదు. బయటికి నెమ్మదిగా కనిపించే రైడ్‌లో కూడా హఠాత్తుగా దిగే చోటు ఉండవచ్చు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి రైడ్ కంటే క్యూనే కష్టం. కొన్నిటిలో వాహనం ఎక్కేముందు గదుల్లో నిలబడి కథ మొదటి భాగం చూడవలసి ఉంటుంది, కనుక చక్రాల కుర్చీ తీసుకోవడానికి మొహమాటపడవద్దు. ఎక్కేచోట కుర్చీలోంచి వాహనంలోకి మారవలసి ఉంటుందేమో మాత్రం ముందే అడగండి. కళ్లు తిరిగే స్వభావం ఉన్నవారు కడుపు నిండా తిన్న వెంటనే ఎక్కకుండా, వాహనం గిరగిర తిరిగేటప్పుడు తెరలను కాకుండా తమ వాహనం అంచును చూస్తూ ఉంటే కొంత నయంగా ఉంటుంది.

ఎక్కిన తరువాత ఒక్కసారి నేలను చూడండి. పట్టాల రైడ్‌లో బండి కింద గాడి కనిపిస్తుంది. ఇక్కడ నున్నని నేల మీద టైర్ల జాడలు మాత్రమే, అవీ వెలుతురు ఉన్నచోట, కనిపిస్తాయి. తరువాత పక్క వాహనాన్ని గుర్తుపెట్టుకుని, అది ఎక్కడ విడిపోతుందో, మళ్లీ ఎక్కడ కలుస్తుందో గమనించండి. రెండోసారి వెళ్లే వీలుంటే తప్పకుండా వెళ్లండి, కానీ వేరే వాహనంలో, వేరే వరుసలో కూర్చోండి. సింబోలికాలోనైతే సంగీతం, వీరులు, నిధి అనే మూడు దారుల్లో ఒకదాన్ని సందర్శకులే ఎంచుకుంటారు, కొన్ని గదులు దారిని బట్టి మారతాయి. రైజ్ ఆఫ్ ద రెసిస్టెన్స్‌లో రెండు వాహనాలు జంటగా బయలుదేరి దారులు మార్చుకుంటాయి. పెద్ద కుటుంబం రెండు జట్లుగా విడిపోయి ఎక్కి, బయటికి వచ్చాక ఎవరేం చూశారో చెప్పుకోవడంలో ఉన్న సరదా అంతా ఒకే బండిలో కూర్చుంటే రాదు. రెండు జట్లుగా కూర్చోబెట్టమని సిబ్బందిని మర్యాదగా అడిగితే వీలున్నంతవరకు సర్దుతారు.

మధ్యలో రైడ్ ఆగిపోతే బెల్టు విప్పకండి, చేతులు బయట పెట్టకండి. పట్టాలు లేని వాహనం మళ్లీ కదిలేటప్పుడు ముందుకే పోతుందన్న నమ్మకం లేదు. వెనక్కి రావచ్చు, ఉన్నచోటే తిరగవచ్చు. సిబ్బంది వచ్చి దిగమన్నప్పుడే దిగి, వారు చూపించిన దారినే నడవండి. అలా బయటికి పంపినప్పుడు తిరిగి రావడానికి పాస్ ఇస్తారేమో అడిగి తీసుకుని, యాప్‌లో రైడ్ మళ్లీ తెరిచినట్టు కనిపించగానే వెళ్లండి. అలాంటి సమయంలో చాలామంది వేరే వైపు వెళ్లిపోయి ఉంటారు కనుక, తెరిచిన కొద్ది నిమిషాల వరకు క్యూ పలచగా ఉండే అవకాశం ఎక్కువ.