సంక్రాంతి చలి నుంచి శివరాత్రి ఎండ దాకా: చిత్తూరు మామిడి తోటల్లో జాగ్రత్తలు

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పెద్దల మాట. అది పోయే ముందు ఐదారు వారాల్లోనే మామిడి రైతు సంవత్సరం తేలిపోతుంది. తెల్లవారుజామున దుప్పటి వదలబుద్ధి కాదు, మధ్యాహ్నానికి చొక్కా తడుస్తుంది. మనిషికి జలుబు తెచ్చే ఈ వాతావరణమే తేనెమంచు పురుగుకూ బూడిద తెగులుకూ పండగ. నిండు చలిలో తోటకు వచ్చే నష్టం తక్కువే. చలి తగ్గిందనుకుని చెయ్యి వదిలేసిన రోజుల్లోనే ఎక్కువ పోతుంది.

ముందు మీ తోట ఎంత ఎత్తులో ఉందో గుర్తుంచుకోండి. తిరుపతి సముద్రమట్టానికి సుమారు 150 మీటర్ల ఎత్తులో ఉంటే, పలమనేరు 680 మీటర్ల దగ్గర ఉంది. కిలోమీటరు ఎత్తుకు వేడి ఆరు డిగ్రీల దాకా తగ్గుతుంది కాబట్టి రెండు ఊళ్ళ మధ్య మూడు డిగ్రీల తేడా మామూలే. అందుకే శ్రీకాళహస్తి, సత్యవేడు వైపు పూత ముందు కనబడుతుంది, బంగారుపాళ్యం దాటి ఘాట్ ఎక్కేకొద్దీ ఆలస్యమవుతుంది. పుత్తూరులో బావమరిది తోట పూసిందని పలమనేరులో కంగారుపడి మందు కొడితే మందు ఖర్చు మాత్రమే మిగులుతుంది. ఎవరి తోట మొగ్గను వాళ్ళే చూసుకోవాలి.

మొగ్గను చూడటం ఎలాగో చెప్పుకుందాం, ఎందుకంటే తర్వాతి పనులన్నీ దీని మీదే ఆధారపడతాయి. డిసెంబరు మూడో వారం నుంచి వారానికోసారి తోటలో పది చెట్లు ఎంచుకుని, ఒక్కో చెట్టుకు నాలుగు దిక్కులా ఒక్కో కొమ్మ కొన వంచి చూడండి. కొన మొగ్గ సన్నగా, సూదిలా మొనదేలి ఉంటే అది చిగురుకు వెళ్ళే మొగ్గ. బొద్దుగా, కొన మొద్దుబారి, పొలుసులు విడుతున్నట్టు ఉంటే పూతకు తయారవుతోంది. దాని కింది ఆకును కూడా పట్టి చూడాలి. ముదురాకు నల్లపచ్చగా ఉంటుంది, గుప్పిట్లో నలిపితే పెళుసుగా విరుగుతుంది. రాగిరంగులోనో లేతాకుపచ్చలోనో ఉండి మెత్తగా ముడుచుకుంటే ఆ కొమ్మకు ఇంకా వయసు రాలేదు. జులై, ఆగస్టుల్లో వచ్చిన కొమ్మ డిసెంబరుకు నాలుగు నెలలు దాటి పక్వానికి వస్తుంది. నవంబరు వానలకు చిగిర్చిన కొమ్మ నుంచి ఈ ఏడు పూత ఆశించకండి.

ఇక్కడే మన ప్రాంతానికి ఓ చిక్కుంది. ఈశాన్య రుతుపవనాల వాన డిసెంబరు దాకా ఉంటుంది. 2022 డిసెంబరులో మాండూస్, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానులు వచ్చింది సరిగ్గా మొగ్గ తయారయ్యే వేళకే. చెట్టు పూతకు తిరగాలంటే రెండు కావాలి: కొన్ని వారాల పాటు చల్లటి రాత్రులు, వేరు దగ్గర ఆరుదల. అందుకే అక్టోబరు నుంచే నీళ్ళు ఆపుతాం. ఆపిన తర్వాత తుపాను వాన పాదుల్లో నిలిస్తే ఆ శ్రమంతా వృథా, చెట్టు మళ్ళీ చిగురు వైపు మొగ్గుతుంది. కాబట్టి నవంబరులోనే పాదుల గట్లు తెంపేయండి. వాలు వైపు రెండు వరుసలకో కాలువ చొప్పున జానెడు లోతు తీసి ఉంచండి. వాన ఆగిన మర్నాడే నీళ్ళు బయటికి పోయి ఉండాలి. చౌడు, నల్లరేగడి కలిసిన చోట్ల ఇది మరీ ముఖ్యం. ఎర్ర గరప నేలల్లో నీళ్ళు వాటంతటవే ఇంకిపోతాయి.

కొమ్మ ముదిరి, మొగ్గ ఉబ్బి కూడా విచ్చుకోకుండా మొండికేస్తే అప్పుడు పొటాషియం నైట్రేట్. మన అంగళ్ళలో 13-0-45 అని అడిగితే ఇస్తారు. లీటరు నీటికి 10 గ్రాములు, దాంతో యూరియా 5 గ్రాములు. 200 లీటర్ల డ్రమ్ముకు రెండు కిలోలూ, ఒక కిలో అన్నమాట. విడిగా బక్కెట్లో కరిగించి, గుడ్డలో వడగట్టి డ్రమ్ములో పోయండి. ఉప్పులాంటి మందు కదా, గడ్డలు మిగిలితే నాజిల్ మూసుకుపోతుంది, ఆకు అంచులు మాడతాయి. పొద్దున ఆకు మీద మంచు ఆరాక గానీ సాయంత్రం నాలుగు దాటాక గానీ కొట్టాలి. ఇది నిద్రపోతున్న మొగ్గను లేపుతుందే తప్ప లేని మొగ్గను పుట్టించదు. లేత కొమ్మల మీద కొడితే చిగురే ఎక్కువొస్తుంది. ఆ తర్వాత మందు మంచిది కాదని అంగడివాడిని తిట్టి లాభం లేదు.

తేనెమంచు పురుగు

పూత కంకి రెండు మూడు అంగుళాలు సాగేసరికి ఈ పురుగు ఉందో లేదో తేల్చుకోవాలి. ఆకుల మీద వెతికితే సగమే కనబడుతుంది. పూత లేని కాలంలో అది కాండం బెరడు పగుళ్ళలో దాక్కుని ఉంటుంది. ఉదయం పదింటికి చెట్టు మొదట్లోకి వెళ్ళి అరచేత్తో కాండాన్ని తట్టండి. గోధుమ, బూడిద రంగు కలిసి ముందువైపు వెడల్పుగా, తోకవైపు సన్నగా ఉండే చిన్న పురుగులు చిటచిటమంటూ ఎగిరి ముఖానికి తగిలితే లెక్క ఎక్కువే. కంకికి ఐదారు కనబడితే మందు తప్పదు. అది పూత రసం పీల్చి, తేనెలాంటి జిగురు విసర్జిస్తుంది. ఆకులు నూనె రాసినట్టు మెరుస్తాయి. తర్వాత ఆ జిగురు మీద నల్లటి మసి పడుతుంది. మసి కనబడిందంటే అప్పటికే మీరు రెండు వారాలు ఆలస్యం.

ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం మందు అయితే లీటరుకు 0.3 మి.లీ., అంటే 200 లీటర్ల డ్రమ్ముకు 60 మి.లీ. మూతతో అంచనాగా పోయకండి, కొలగ్లాసు వాడండి. పది మీటర్ల ఎడంతో నాటిన పాత తోటలో ఎకరాకు 40 చెట్లుంటాయి, పెద్ద చెట్టుకు 10 నుంచి 15 లీటర్ల ద్రావణం పడుతుంది. ఎకరాకు రెండున్నర డ్రమ్ములు అనుకుంటే కరెక్టుగా సరిపోతుంది. డ్రమ్మున్నరతో ఎకరా ముగిసిందంటే స్ప్రే గన్ను పట్టిన మనిషి చెట్టు నడినెత్తినీ లోపలి కొమ్మల్నీ వదిలేశాడనే అర్థం. కాండాన్నీ, మొదటి కొమ్మల పంగల్నీ కూడా తడపాలి. రెండోసారి అదే మందు వద్దు, బుప్రోఫెజిన్ లాంటి వేరే తరగతి మందుకు మారండి. ఏటా ఒకే డబ్బా కొట్టే తోటల్లో పురుగు దానికి అలవాటు పడిపోతోంది. డబ్బా మీద మామిడి పంట పేరుందో లేదో, కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలో చదివాకే కొనండి.

బూడిద తెగులు, మచ్చ తెగులు

ఉదయం మంచు, మధ్యాహ్నం పొడి ఎండ, నడుమ ఒకట్రెండు మబ్బు రోజులు. బూడిదకు ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు. దీనికి నీటి తడి కూడా పెద్దగా అవసరం లేదు, చల్లటి గాలిలో తేమ చాలు. కంకి కొనల్లో తెల్లటి పిండి చల్లినట్టు మొదలై వారంలో కాడ మొత్తం కమ్ముకుంటుంది, పూలు విచ్చకుండానే ఎండి రాలిపోతాయి. కనబడ్డాక కొడదాం అనుకుంటే కుదరదు. కంకి సాగేటప్పుడే ముందు జాగ్రత్తగా నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు, డ్రమ్ముకు 600 గ్రాములు కొట్టండి. గంధకాన్ని ఎండ 32 డిగ్రీలు దాటే వేళ కొడితే పూత మాడిపోతుంది. కాబట్టి ఫిబ్రవరి రెండో వారం తర్వాత దాని జోలికి పోకండి. ఆ తర్వాత కూడా అవసరమనిపిస్తే హెక్సాకొనజోల్ లీటరుకు 2 మి.లీ. వాడండి. గంధకాన్ని నూనె మందులతో ఎప్పుడూ కలపకూడదు.

పూత మీద వాన పడితే సంగతి వేరు. అప్పుడొచ్చేది మచ్చ తెగులు: కంకి కాడ మీద నల్లటి చుక్కలు, తర్వాత పిందె మీద కూడా. వాన వెలిసి ఆకు ఆరగానే కార్బెండజిమ్ లీటరుకు ఒక గ్రాము. రెండు తెగుళ్ళకూ ఒకే మందు కొట్టి కూర్చునేవాళ్ళు మన దగ్గర ఎక్కువ. తెలుపా నలుపా అని చూసి మందు ఎంచుకుంటే సగం ఖర్చు తగ్గుతుంది.

పూలు విచ్చాక పురుగుమందు వద్దు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా చాలదు. మామిడి పూలకు పరాగం మోసేది ఎక్కువగా ఈగలు. ఇంట్లో మనం తోలే ఈగలతో సహా. ఒక కంకికి వందల నుంచి వేల పూలుంటాయి, వాటిలో చాలావరకు మగవి, కాయగా నిలిచేది నూటికి ఒకటి కూడా ఉండదు. ఆ ఒక్కటి నిలవాలన్నా ఈగ రావాలి. రాత్రి చలి 15 డిగ్రీల కిందికి దిగిన రోజుల్లో పుప్పొడి సత్తువ తగ్గుతుంది, మంచు ముసురుకుంటే ఈగలూ తిరగవు. అందుకే సంక్రాంతి ముందు విరగబూసిన కంకుల్లో నిలిచేది తక్కువ, తర్వాత వెచ్చబడ్డాక వచ్చిన కంకుల్లో కాయ కట్టగల ద్విలింగ పూలు ఎక్కువ, కాయ నిలకడా ఎక్కువ. మొదటి పూత రాలిందని దిగులుపడి టానిక్కులు కొనకండి. జీడి లేకుండా గోళీలా మిగిలిపోయే గుడ్డి కాయలు కూడా ఈ చలి ఫలితమే, అవి వాటంతటవే రాలిపోతాయి. మూడేళ్ళ లోపు మొక్కలకు పూత వస్తే మాత్రం చేత్తో గిల్లేయండి, మొక్క బలం కాయకు పోకూడదు.

నీళ్ళ విషయంలో తొందర ఎక్కువమందికి నష్టం చేస్తుంది. పూత మీద నీళ్ళిస్తే కంకి మధ్యలోంచి చిగురాకులు దూసుకొస్తాయి. పిందె బఠాణీ గింజంత అయ్యేదాకా ఆగండి. మొదటి తడి పలుచగా, డ్రిప్పు ఉంటే గంటో గంటన్నరో. ఆ తర్వాత నేలను బట్టి పది, పదిహేను రోజులకోసారి పెంచుకుంటూ పోవాలి. ఎండిన నేలకు ఒక్కసారి నీళ్ళు నింపితే పిందెలు రాలతాయి. రాలడం మరీ ఎక్కువగా ఉంటే ప్లానోఫిక్స్ అనే హార్మోన్ మందు 4.5 లీటర్ల నీటికి ఒక మి.లీ., అంతకన్నా ఒక్క చుక్క కూడా ఎక్కువ వద్దు. మోతాదు పెరిగితే అదే రాలగొడుతుంది. పూత, పిందె కాలంలో ట్రాక్టరుతో లోతుగా దున్నడం మానండి, పైపై వేర్లు తెగిపోతాయి.

తోటలో ఉండే మనుషుల సంగతి

చలికి కాపలా గుడిసెలో నిప్పుల కుంపటి పెట్టుకుని తలుపు బిగించి పడుకోవడం ప్రాణాంతకం. బొగ్గు నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే మనిషి పోతాడు. కుంపటి బయటే ఉండాలి. భోగి మంటకు రాలిన ఆకుల్ని చెట్ల వరుసల మధ్యే కుప్పవేసి తగలబెట్టకండి, సెగకు కింది కొమ్మల పూత వాడిపోతుంది. ఆ ఆకు కుప్పల్లో పొద్దున చెయ్యి పెట్టే ముందు కర్రతో కదపండి. రక్తపింజర చలికాలంలో ఇలాంటి చోట్ల ముడుచుకుని కదలకుండా పడుకుంటుంది. కాటు పడితే కోయడం, గట్టిగా కట్టడం చేయకుండా కాలు కదలనివ్వక 108కి ఫోన్ చేయండి. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం అంచున తోటలున్నవాళ్ళు మంచు తేలేదాకా ఒంటరిగా లోపలికి వెళ్ళొద్దు. ఏనుగు ఇరవై అడుగుల్లో ఉన్నా మంచులో కనబడదు.

మందు కొట్టేవాళ్ళకు పొడుగు చేతుల చొక్కా, ముక్కుకు మాస్కు, కళ్ళద్దాలు, చేతులకు రబ్బరు తొడుగులు ఉండాలి. గాలికి ఎదురుగా గన్ను పట్టకూడదు. మందు కొట్టిన తోటలో వారం రోజులు గేదెల్ని తోలొద్దు. ఎవరికైనా కళ్ళు తిరిగి, వాంతులైతే మందు డబ్బాను కూడా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఏ మందో తెలిస్తే డాక్టరుకు పని తేలికవుతుంది.

ఆమని వచ్చిందా అని ఎలా తెలుస్తుంది? క్యాలెండరును నమ్మకండి. శేషాచలం కింది గుట్టల్లో మోదుగ ఎర్రబడటం, కానుగ ఆకు రాల్చి లేతపచ్చ చిగురు వేయడం, కోయిల తెల్లవారుజామున గొంతు విప్పడం, వీటిల్లో రెండైనా కలిసి కనబడాలి. ఆకుల మీద మంచు ఎనిమిదింటికే ఆరిపోతున్నదంటే బూడిద భయం తగ్గుతోందని అర్థం. ఒక్క కోయిల కూసిందని బూడిద మందు డబ్బా అటకెక్కించకండి, మాఘంలో మళ్ళీ నాలుగు రోజులు మంచు కమ్ముకోవడం మామూలే. వేప పూత మొదలైతే మాత్రం చలి లెక్క ముగిసినట్టే. అప్పటికి పిందె గోళీ దాటి ఉంటుంది. ఎండిపోయి గుత్తుల్లోనే వేలాడుతున్న పూత కాడల్ని అప్పుడే కొమ్మలు మెల్లగా ఊపి రాల్చేయండి. గాలికి అవి కాయను గీరి మచ్చ పెడతాయి, తెగులు కూడా ఆ గీత దగ్గరే లోపలికి దిగుతుంది.