జనరేటర్‌తో ఆర్‌వీ (క్యాంపింగ్ వాహనం) బ్యాటరీల ఛార్జింగ్: దొరికే రెండు గంటల్లో ఎంత ఎక్కించవచ్చు

అమెరికాలోని యోసెమిటీ నేషనల్ పార్క్ క్యాంప్‌గ్రౌండ్లలో జనరేటర్ నడపడానికి ఉదయం 7 నుంచి 9, మధ్యాహ్నం 12 నుంచి 2, సాయంత్రం 5 నుంచి 7 వరకే అనుమతి. వీటిలో ఉదయం పూటను వదులుకోకండి. రాత్రంతా వాడాక ఖాళీ అయిన బ్యాటరీయే ఎక్కువ కరెంటు తీసుకుంటుంది.

జనరేటర్ మీద ఉండే 12 వోల్టుల డీసీ సాకెట్ నుంచి నేరుగా బ్యాటరీకి తీగలు కలపొద్దు. హోండా ఈయూ2200ఐ లాంటి జనరేటర్లోనూ అది ఇచ్చేది సుమారు 8 ఆంపులే. రెండు గంటలు నడిపితే దాదాపు 16 ఆంప్-అవర్లు, అంతే. పైగా బ్యాటరీ నిండిందని అది గమనించదు. ఆర్‌వీ పవర్ కార్డుకు 30 నుంచి 15 ఆంపులకు మార్చే అడాప్టర్ తగిలించి 120 వోల్టుల సాకెట్లో పెట్టండి, లోపలి కన్వర్టర్ (120 వోల్టుల ఏసీని బ్యాటరీకి సరిపడే డీసీగా మార్చేది) ఛార్జ్ చేస్తుంది. 55 ఆంపుల కన్వర్టర్ పూర్తి జోరులో సుమారు 1000 వాట్లు లాగుతుంది.

ముందుగా ఏసీ, మైక్రోవేవ్, వాటర్ హీటర్ కరెంటు ఎలిమెంట్ ఆపేసి, ఫ్రిజ్‌ను గ్యాస్ మీదకు మార్చండి. జనరేటర్ కనీసం 20 అడుగుల దూరంలో ఉండాలి, పొగ మీ కిటికీల వైపుగానీ పక్కవాళ్ల వైపుగానీ రాకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. లోపలి అలారం బటన్ నొక్కి చూశాకే ఇంజన్ స్టార్ట్ చేయండి. రెండు మూడు నిమిషాలు వేడెక్కాక కార్డు పెట్టండి. ఆపేటప్పుడు ముందు కార్డు తీయాలి.

బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర మల్టీమీటర్ పెడితే వోల్టేజి 13 దాటి 14.4 వైపు ఎక్కుతూ కనబడాలి. 12.2 దగ్గరే ఆగిపోతే బ్యాటరీ డిస్‌కనెక్ట్ స్విచ్, కన్వర్టర్ బ్రేకర్, రివర్స్ పోలారిటీ ఫ్యూజులు (బ్యాటరీ తీగలు తారుమారైతే తెగేవి) చూడండి. సర్జ్ ప్రొటెక్టర్ (కరెంటు లోపాల నుంచి ఆర్‌వీని కాపాడే పరికరం) ఎర్త్ లోపం చూపించి కరెంటు రానివ్వకపోతే చాలాసార్లు కారణం జనరేటర్ చెడిపోవడం కాదు. చిన్న ఇన్వర్టర్ జనరేటర్లలో న్యూట్రల్‌ను ఎర్త్‌తో కలపరు. ఖాళీగా ఉన్న రెండో సాకెట్లో ఆ రెండింటినీ కలిపే న్యూట్రల్-గ్రౌండ్ బాండింగ్ ప్లగ్ పెడితే సరిపోతుంది.

సగం ఖాళీ అయిన 200 ఆంప్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలు రెండు గంటల్లో దాదాపు 80 శాతానికి వస్తాయి. ఆపైన అవి తీసుకునే కరెంటు తగ్గిపోతుంది కాబట్టి మిగతాది నిండడానికి గంటలు పడుతుంది. దానికోసం పెట్రోలు తగలేయకుండా సోలార్ ప్యానెల్‌కు వదిలేయండి. 13.6 వోల్టులే ఇచ్చే పాత కన్వర్టరైతే ఇంకా నెమ్మది. బ్యాటరీ నిండేకొద్దీ వోల్టేజి మారుస్తూ 14.4 దాకా ఇచ్చే మల్టీస్టేజ్ కన్వర్టర్ వేసుకుంటే ఆ ఖర్చు వృథా కాదు. లిథియం బ్యాటరీలు దాదాపు చివరిదాకా పూర్తి కరెంటు తీసుకుంటాయి. కానీ కన్వర్టర్‌కు లిథియం సెట్టింగ్ ఉండాలి, సెల్స్ 0 డిగ్రీల కన్నా చల్లబడితే ఛార్జ్ చేయకూడదు.

ఎత్తుకు వెళ్లేకొద్దీ ప్రతి 1000 అడుగులకు జనరేటర్ శక్తి దాదాపు 3.5 శాతం తగ్గుతుంది. యోసెమిటీలోనే 8600 అడుగుల ఎత్తున ఉన్న ట్యులోమ్నీ మెడోస్‌లో 1800 వాట్లది 1250 వాట్లే ఇస్తుంది. అక్కడ ఛార్జింగ్ జరుగుతుండగా కాఫీ మేకర్ ఆన్ చేస్తే ఓవర్‌లోడ్ అయ్యి కరెంటు ఆగిపోతుంది.