పాత ల్యాప్‌టాప్ ఎస్‌ర్యామ్ కార్డులో డేటా పోకుండా బ్యాటరీ మార్చడం, కార్డును భద్రపరచడం ఎలా?

1990లలో వచ్చిన ల్యాప్‌టాప్‌ల పక్కన ఏటీఎం కార్డు కొలతలోనే, దానికంటే మందంగా ఉండే లోహపు కార్డు ఒకటి దూరేది. మొదట్లో పీసీఎంసీఐఏ కార్డు అన్నారు, తర్వాత పీసీ కార్డు అన్నారు. మోడెమ్, నెట్‌వర్క్, మెమరీ, ఆఖరికి హార్డ్ డిస్క్ కూడా ఈ రూపంలోనే వచ్చాయి. రాజమండ్రి, కాకినాడ, భీమవరంలాంటి ఊళ్లలో పాత కంప్యూటర్ సామాను కొనే దుకాణాల్లో వెతికితే ఇప్పటికీ దొరకవచ్చు. వీటిలో బ్యాటరీతో బతికే ఎస్‌ర్యామ్ కార్డుల (కరెంటు అందుతున్నంతసేపే డేటా నిలిచే మెమరీ కార్డుల) గతే అన్యాయం. చేతికి రాగానే "బ్యాటరీ పాతదై ఉంటుంది, ముందు అది మార్చేద్దాం" అని బ్యాటరీ ఉండే ట్రే లాగేస్తారు. ఆ క్షణమే లోపలున్నదంతా పోతుంది. దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు.

ముందు కార్డు ఏ రకమో తేల్చండి

మందం చూస్తే సగం తెలుస్తుంది. 3.3 మి.మీ. ఉంటే టైప్ 1, సాధారణంగా మెమరీ. 5 మి.మీ. అయితే టైప్ 2, మోడెమ్‌లూ నెట్‌వర్క్ కార్డులూ ఎక్కువగా ఇవే. 10.5 మి.మీ. అయితే టైప్ 3, లోపల చిన్న హార్డ్ డిస్క్ ఉండొచ్చు, కింద పడనివ్వకండి. కనెక్టర్ దగ్గర బుడిపెలున్న బంగారు రంగు పట్టీ కనిపిస్తే అది కార్డ్‌బస్, 1995 నుంచి వచ్చిన 3.3 వోల్టుల రకం. పాత 5 వోల్టుల స్లాట్‌లో దూరకుండా దాని గాడిని కావాలనే మార్చారు, బలవంతంగా నొక్కకండి.

కనెక్టర్‌కు ఎదురు అంచున చిన్న ట్రే, దాని పక్కన లాక్, కార్డులోకి ఏమీ రాయకుండా ఆపే ఇంకో బుల్లి రైట్ ప్రొటెక్ట్ స్విచ్ ఉంటే మీ చేతిలో ఉన్నది దాదాపుగా ఎస్‌ర్యామ్ కార్డే. 1991లో వచ్చిన హెచ్‌పీ 95ఎల్ఎక్స్ లాంటి చేతి కంప్యూటర్లు వీటినే వాడాయి. భూములు కొలిచే టోటల్ స్టేషన్ యంత్రాలు కొన్ని, కంప్యూటర్ చెప్పినట్టు లోహాన్ని కోసే సీఎన్‌సీ మెషీన్లు కొన్ని కూడా వాడాయి. ట్రే లేకపోతే, కరెంటు లేకున్నా డేటా నిలిచే ఫ్లాష్ కార్డు కావచ్చు. దానికి బ్యాటరీ గొడవ లేదు, కాపీ తీసి దాచేస్తే చాలు.

మోడెమ్, నెట్‌వర్క్ కార్డులకు ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. వాటి చివర తగిలించే సన్నటి కేబుల్ ముక్క, అంటే డాంగిల్, విడిగా పోతే కార్డు ఎందుకూ పనికిరాదు. ఒకటి దొరికిన చోటే రెండోదీ వెతకండి. రెండూ ఒకే కవర్లో ఉంచండి.

కావలసినవి

పీసీ కార్డ్ స్లాట్ ఉన్న ల్యాప్‌టాప్ ఒకటి. థింక్‌ప్యాడ్ టీ 20 నుంచి టీ 43 దాకా ఏదైనా మంచిదే. ఎక్స్‌ప్రెస్‌కార్డ్ స్లాట్ వేరే జాతి, దానితో పని జరగదు. యూఎస్‌బీకి తగిలించే పీసీ కార్డ్ రీడర్లు చాలావాటికి ఏటీఏ రకం (హార్డ్ డిస్క్‌లా పనిచేసే) ఫ్లాష్ కార్డులే కనిపిస్తాయి, ఎస్‌ర్యామ్ కనిపించదు. చవగ్గా వస్తోందని కొనకండి. ఇంకా మల్టీమీటర్, ప్లాస్టిక్ పట్టకారు, సన్న స్టార్ స్క్రూడ్రైవర్, భూతద్దం, టార్చి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలి. ఆల్కహాల్ మొబైల్ రిపేరు సామాను అమ్మే చోట అడగండి. మందుల షాపులో ఇచ్చేదాంట్లో నీళ్లు ఎక్కువ. వీటన్నిటితో పాటు యూపీఎస్ ఉండాలి. మన దగ్గర ఇది లేకుండా పని మొదలుపెట్టకూడదు, ఎందుకో కింద చెబుతాను.

స్లాట్ చూడండి, కార్డు తుడవండి

సూదులు ల్యాప్‌టాప్ స్లాట్ లోపల ఉంటాయి, కార్డుకు ఉండేవి రంధ్రాలే. 34 చొప్పున రెండు వరసలు, మొత్తం 68. సూదికీ సూదికీ మధ్య 1.27 మి.మీ. మాత్రమే. టార్చి వేసి భూతద్దంతో వరస మొత్తం చూడండి. 17వ సూది కార్డుకు కరెంటు ఇచ్చేది, పక్కనే ఉన్న 18వది కొన్ని పాత యంత్రాల్లో ఫ్లాష్ రాయడానికి 12 వోల్టులు ఇచ్చేది. ఆ రెండూ తాకితే కార్డు పోయినట్టే. వంగిన సూది కనిపిస్తే ఆ స్లాట్ వాడకండి.

కార్డు పైన దుమ్ము మెత్తటి బ్రష్‌తో దులపండి. కనెక్టర్ ముఖం మీద ఆల్కహాల్ అద్దిన గుడ్డతో ఒక్కసారి తుడిచి, అరగంట ఫ్యాన్ కింద ఆరనివ్వండి. లేబుల్ మీద ఆల్కహాల్ పడితే అక్షరాలు పోతాయి. అంతర్వేది, ఉప్పాడ వైపు ఉప్పుగాలి తగిలిన కార్డుల అంచుల్లో ఆకుపచ్చ చిలుము ఉంటుంది. దాన్ని గోటితోనో పిన్నీసుతోనో గీకితే బంగారు పూత కూడా లేచిపోతుంది. రిపేరు షాపుల్లో పెన్సిల్ రబ్బరుతో రుద్దే అలవాటు ఒకటుంది. ఆ పూత మందం మైక్రాన్‌లో కొంత భాగమే, రబ్బరు ఇసుక కాగితంలాగే పనిచేస్తుంది. ల్యాప్‌టాప్‌ను కూర్చోబెట్టే డాకింగ్ స్టేషన్ కనెక్టర్లకైనా సరే, రబ్బరు వద్దు.

ల్యాప్‌టాప్ లోపలి చిన్న బ్యాకప్ బ్యాటరీని కూడా ఒకసారి చూడండి. 90ల నాటి నికెల్ బ్యాటరీలు క్షారం కక్కి బోర్డును తినేస్తాయి. కక్కి ఉంటే బ్యాటరీ తీసేసి, వెనిగర్ అద్దిన దూదిపుల్లతో తుడిచి, తర్వాత డిస్టిల్డ్ వాటర్, ఆఖర్న ఆల్కహాల్ వాడండి.

బ్యాటరీ కంటే ముందు కాపీ

రైట్ ప్రొటెక్ట్ స్విచ్ వేసి, ఆ తర్వాతే కార్డు స్లాట్‌లో పెట్టండి. విండోస్ ఫైలు తెరిచినా తేదీలు మార్చి రాస్తుంది. "ఈ డిస్క్ ఫార్మాట్ చేయబడలేదు, చేయమంటారా?" అని అడిగితే వద్దనండి. లినక్స్ అయితే పీసీకార్డ్‌సీటీఎల్ ఐడెంట్ (pccardctl ident) అని కొట్టండి, కార్డు తన పేరు చెబుతుంది. పేరు చెప్పని పాత ఎస్‌ర్యామ్ కార్డులూ ఉన్నాయి, అంతమాత్రాన చెడిపోయిందనుకోకండి.

విడివిడి ఫైళ్లు కాకుండా కార్డు మొత్తాన్ని లినక్స్‌లోని డీడీ (dd) అనే కమాండ్‌తో ఒకే ఇమేజ్‌గా, అంటే ఉన్నదున్నట్టు ఒకే ఫైలుగా తీయండి. రెండుసార్లు తీసి రెండింటి ఎండీ5, అంటే ఫైలులోని డేటాను బట్టి లెక్కగట్టే గుర్తు సంఖ్య, పోల్చండి. తేడా వస్తే కనెక్టర్ మురికిగా ఉన్నట్టు, లేదా చిప్ అలసిపోయినట్టు. మళ్లీ తుడిచి మళ్లీ చదవండి. రెండు కాపీలు ఒకేలా వచ్చేదాకా బ్యాటరీ జోలికి పోవద్దు.

అసలు పని: బ్యాటరీ మార్చడం

ఎస్‌ర్యామ్ చిప్‌కు కరెంటు ఒక్క క్షణం ఆగినా అందులోది చెరిగిపోతుంది. బయట ఉన్నంతసేపూ నాణెం బ్యాటరీ దాన్ని నిలబెడుతుంది, స్లాట్‌లో ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ నిలబెడుతుంది. కాబట్టి బ్యాటరీ మార్చాల్సింది కార్డు స్లాట్‌లో ఉండగా, కరెంటు పారుతుండగానే. ట్రేని కనెక్టర్‌కు ఎదురు అంచున పెట్టింది అందుకే. కొన్ని కార్డుల్లో బ్యాటరీ తీసినా కాసేపు నిలబెట్టే చిన్న సహాయక బ్యాటరీ ఉంటుంది. పాతికేళ్ల తర్వాత దాన్ని నమ్ముకోకూడదు.

ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు: ల్యాప్‌టాప్ వెలుగుతోంది కదా, స్లాట్‌కు కరెంటు ఉన్నట్టే అనుకుంటారు. స్లాట్‌కు కరెంటు ఇవ్వమని సాఫ్ట్‌వేర్ చెబితేనే కంట్రోలర్ ఇస్తుంది. కార్డ్ సర్వీసెస్ (పీసీ కార్డులను నడిపే సాఫ్ట్‌వేర్) ఎక్కించని డాస్‌లో స్క్రీన్ వెలుగుతున్నా స్లాట్ చచ్చినట్టే ఉండొచ్చు. అందుకే ట్రే ముట్టుకునే ముందు కార్డు నుంచి అప్పటికప్పుడు ఒక ఫైలు చదివించి చూడండి. అంతకుముందు తెరిచిన ఫైలే మళ్లీ తెరిస్తే అది క్యాష్ (ల్యాప్‌టాప్ తన మెమరీలో దాచుకున్న నకలు) నుంచి రావచ్చు, కొత్త ఫైలు తెరవండి.

రెండో ప్రమాదం నిద్ర. బయాస్‌లో (ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే వచ్చే సెట్టింగుల తెరలో) పవర్ మేనేజ్‌మెంట్ మొత్తం ఆపేయండి. విండోస్‌లో స్టాండ్‌బై ఆపేయండి. మూత దించకండి. ల్యాప్‌టాప్ నిద్రపోతే స్లాట్ కరెంటు కూడా పోవచ్చు.

మూడోది మన కరెంటు. అంత పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎలాగూ నిలబడదు, యంత్రం అడాప్టర్ మీదే నడుస్తుంది. ముసురు పట్టినా, గాలివాన వచ్చినా కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. అడాప్టర్‌ను యూపీఎస్‌కు తగిలించండి. ముందు కార్డు లేకుండా యూపీఎస్ ప్లగ్ పీకి, ల్యాప్‌టాప్ ఐదు నిమిషాలు ఆగకుండా నడుస్తుందో లేదో చూడండి. ఇంటి ఇన్వర్టర్ మీద చేస్తే దాని వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూసుకోండి. మామూలు మోడ్‌లో మారే వ్యవధి ఎక్కువ, ఆ కాస్తకే పాత అడాప్టర్ తడబడొచ్చు.

ఇక బ్యాటరీ. ట్రే మీదో కార్డు వెనకో నంబరు ఉంటుంది, అదే కొనండి. సీఆర్ 2025 అంటే 20 మి.మీ. వ్యాసం, 2.5 మి.మీ. మందం. 2032 దొరికింది కదా అని తోయకండి. అది 3.2 మి.మీ., ట్రే ఇరుక్కుని లోపలి స్ప్రింగ్ వంగుతుంది. బీఆర్ అని ఉంటే బీఆర్ రకమే వెతకండి, వేడిని అది బాగా తట్టుకుంటుంది. ఎల్ఐఆర్ అని మొదలయ్యే రీఛార్జ్ బ్యాటరీ వోల్టేజి ఎక్కువ, ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. కొత్త సీఆర్ సెల్‌ను మీటరుతో చూస్తే 3 వోల్టులకు పైన ఉండాలి. పిల్లలు మింగకుండా చేదు పూత పూసినవి వస్తున్నాయి. ఆ పూత కాంటాక్టుకు అడ్డు రావచ్చు, ఆల్కహాల్‌తో రెండు వైపులా తుడవండి. తర్వాత వేళ్లతో పట్టుకోకండి, మన చెమటలో ఉప్పే సెల్‌ను మెల్లగా ఖాళీ చేస్తుంది.

ట్రే లాగేటప్పుడు కార్డు కూడా వెంట వస్తుంది. కార్డు ఒక్క మిల్లీమీటరు వెనక్కి జరిగినా కార్డు ఉందని చెప్పే పొట్టి సూదులు వదిలేస్తాయి, కంట్రోలర్ వెంటనే కరెంటు తీసేస్తుంది. ఎడమ బొటనవేలితో కార్డును లోపలికి అదిమిపెట్టి, కుడిచేత్తో ట్రే లాగండి. ఎజెక్ట్ మీట పొడుచుకొచ్చి ఉంటే ముందే మడిచెయ్యండి. కార్డు బాగా లోపలికి దిగిపోయి ట్రే అందని ల్యాప్‌టాప్ అయితే ప్రయత్నించకండి, వేరే యంత్రం చూడండి.

పాత సెల్ ఏ వైపు ఉందో ఫోనుతో ఫొటో తీసి, ప్లాస్టిక్ పట్టకారుతో ఎత్తి, కొత్తది అదే వైపు పెట్టి, ట్రే తోసి లాక్ వేయండి. లోహపు పట్టకారు సెల్‌కూ కార్డు రేకుకూ మధ్య తాకితే షార్ట్ అవుతుంది. తర్వాత ఇమేజ్ మూడోసారి తీసి ఎండీ5 పోల్చండి. కలిస్తే కార్డును పద్ధతిగా ఆపి తీసి, పది నిమిషాల తర్వాత మళ్లీ పెట్టి నాలుగోసారి పోల్చండి. కొత్త సెల్ నిజంగా అంటుకుందని అప్పుడే తెలుస్తుంది. చెరిగిపోతే రైట్ ప్రొటెక్ట్ తీసి దాచిన ఇమేజ్‌ను డీడీతో వెనక్కి రాయండి.

ల్యాప్‌టాప్ అసలు గుర్తించని కార్డు, ఉదాహరణకు ఏదో మెషీన్ తన సొంత పద్ధతిలో రాసుకున్నది, అయితే ఆ మెషీన్‌లోనే, అది ఆన్‌లో ఉండగా, దాని మాన్యువల్ చెప్పినట్టే మార్చాలి.

దాచడం

బియ్యం డబ్బాలో పెట్టకండి. ధాన్యం పండే చోట ఈ సలహా అందరి నోటా వస్తుంది కానీ, నిల్వ బియ్యంలోనే 12 నుంచి 14 శాతం తేమ ఉంటుంది. పైగా తవుడు పొడి ఆ 68 రంధ్రాల్లోకి దిగుతుంది. గట్టిగా మూతపడే పది లీటర్ల డబ్బాలో 100 గ్రాముల నారింజ రంగు సిలికా జెల్, చిన్న డిజిటల్ తేమ మీటరు పెట్టండి. తేమ 40, 50 శాతం మధ్య ఉంటే చాలు. జెల్ రంగు మారితే వంటకు వాడని గిన్నెలో పోసి, ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచండి. కోనసీమ ఎండలో ఆరబెట్టినంత మాత్రాన అది తిరిగి ఎండదు. నీలం రంగు జెల్‌లో కోబాల్ట్ ఉంటుంది, ఇళ్లలో వద్దు. అటక మీద పెట్టకండి. పెంకుటింటి వేడికి సెల్ త్వరగా అయిపోతుంది. ఏసీ గదిలోంచి వరండాలోకి తెచ్చినప్పుడు గంటసేపు మూత తీయకుండా ఆగండి, లేకపోతే కార్డు మీద నీరు పడుతుంది.

వరద నీటిలో మునిగిన కార్డు దొరికితే వెంటనే సెల్ తీసేయండి. ఎస్‌ర్యామ్ అయితే డేటా మీద ఆశ వదులుకోండి, ఫ్లాష్ అయితే మిగిలే అవకాశం బాగా ఉంది. డిస్టిల్డ్ వాటర్‌తో ఒండ్రు పోయేదాకా కడగండి. తీరం దగ్గర బోరు నీళ్లలో ఉప్పు ఉంటుంది, అవి వద్దు. తర్వాత ఆల్కహాల్‌తో కడిగి, నాలుగు రోజులు ఫ్యాన్ కింద ఆరబెట్టాకే స్లాట్ దగ్గరికి తీసుకెళ్లండి.

సెల్ వేసిన తేదీ, దాని వోల్టేజి, ఇమేజ్ ఫైలు పేరు డబ్బా మూత లోపల రాసిపెట్టండి. ఏడాదికోసారి ఇదే పద్ధతిలో కార్డును స్లాట్‌లో ఉంచి సెల్ కొలవండి, 2.7 వోల్టులకు దిగితే మార్చండి. కార్డు మీద మాత్రం ఏ స్టిక్కరూ అంటించకండి. ఆ మందానికి అది స్లాట్‌లో ఇరుక్కుంటుంది, లాగితే లోపలి సూదులు వంగుతాయి.