తేనెపట్టు ప్యానెల్ దెబ్బకు ఎంత తట్టుకుంటుంది? ఇంట్లోనే తయారుచేసి పరీక్షించడం ఎలా?

విమానం లోపలి ఫ్లోరు, రెక్క వెనుక అంచున కదిలే భాగాలు, ఉపగ్రహాల ప్యానెళ్లు చాలావరకు గట్టి దిమ్మలు కావు. రెండు పల్చటి రేకుల మధ్య ఆరు మూలల గడులున్న తేనెపట్టు కోర్ పెట్టి జిగురుతో అతికించినవి. వంచే బలాన్ని రేకులు మోస్తాయి. అవి దగ్గరపడకుండా, పక్కకు జారకుండా కోర్ పట్టి ఉంచుతుంది. ఒక రేకును మందంలో రెండు పొరలుగా విడదీసి, మధ్యలో కోర్ చేర్చి మొత్తం మందం రెట్టింపు చేశామనుకోండి. బరువు సుమారు 3 శాతమే పెరుగుతుంది, వంగకుండా నిలిచే గట్టిదనం మాత్రం దాదాపు 7 రెట్లవుతుంది.

ఇంత లాభమున్న నిర్మాణానికి పెద్ద శత్రువు పైనుంచి పడే చిన్న దెబ్బ. మెకానిక్ చేతిలోంచి జారిన స్పానర్, వడగళ్లు, రన్‌వే మీద టైరు ఎగరేసిన రాయి ఏదైనా చాలు. పైకి చిన్న సొట్టే కనిపిస్తుంది, లోపల కోర్ నలిగిపోయి ఉంటుంది. పై పొర కార్బన్ ఫైబర్‌దైతే అది తిరిగి పైకి లేచి, సొట్ట కూడా సరిగ్గా కనబడదు. అందుకే ఎంత ఎత్తు నుంచి పడితే చిల్లు పడిందన్న లెక్క ఒక్కటే సరిపోదు. దెబ్బ తిన్నాక ఎంత బలం మిగిలిందన్నదే అసలు లెక్క. ఆ రెండోదాన్ని ఇంట్లో కూడా కొలవొచ్చు.

1. కోర్ తయారీ

పందిళ్లకు కట్టే రంగుకాగితపు గంటలు మడత విప్పగానే గడులు గడులుగా తెరుచుకుంటాయి కదా, ఫ్యాక్టరీల్లో చాలా రకాల తేనెపట్టు కోర్‌ను తయారుచేసే పద్ధతీ అదే. 75 లేదా 80 జీఎస్ఎం ఏ4 కాగితాలు 36 తీసుకోండి. కాగితం పొడవునా 5 మి.మీ. వెడల్పుతో ఫెవికాల్ గీత, తర్వాత 15 మి.మీ. ఖాళీ, మళ్లీ గీత. దాని మీద పెట్టే కాగితానికి గీతలన్నీ 10 మి.మీ. పక్కకు జరగాలి. మూడో కాగితానికి మళ్లీ మొదటి కొలత. ఈ జరుపుడే కీలకం. అది తప్పితే గడులు రావు, కాగితాల దిమ్మ మిగులుతుంది.

ఫెవికాల్ పల్చగా, సన్నటి బ్రష్‌తోనే రాయండి. ఎక్కువైతే కాగితంలోంచి ఇంకి అవతలి గడిని కూడా అతికించేస్తుంది. బరువు పెట్టి రాత్రంతా ఆరనివ్వండి. తర్వాత జిగురు గీతలకు అడ్డంగా 15 మి.మీ. పట్టీలుగా కోయాలి. కట్టర్, స్టీల్ స్కేలుతో అవుతుంది కానీ, ప్రింటింగ్ ప్రెస్‌లో కటింగ్ మెషీన్ మీద కోయిస్తే అంచులు సమంగా వస్తాయి. ఆ సమానత్వం చాలా ముఖ్యం. ఎగుడుదిగుడుగా ఉంటే పొరకు అంటని గడులు మిగిలి, దెబ్బకు ముందే ప్యానెల్ బలహీనపడుతుంది.

ఒక పట్టీని రెండు చివర్లా పట్టుకుని మెల్లగా లాగితే సుమారు పదిహేనున్నర సెం.మీ. చదరం తెరుచుకుంటుంది. వదిలేస్తే మూసుకుపోతుంది, థర్మోకోల్ మీద గుండుసూదులు గుచ్చి ఆపండి.

2. పొరలు అతికించడం

పొరలకు శుభలేఖ అట్ట బాగుంటుంది. అట్టకు పల్చగా ఫెవికాల్ రాసి కోర్ మీద ఆనించండి, గట్టిగా నొక్కొద్దు. ఆరాక సూదులు తీసి రెండోవైపు కూడా అలాగే చేయండి. పైన ఒక పుస్తకం బరువు చాలు. ఒకే రకం ప్యానెళ్లు కనీసం ఆరు చేసుకోండి, వాటిలో రెండింటిని దెబ్బ తగలకుండా పక్కన పెట్టాలి.

3. దెబ్బ కొట్టడం

నాలుగు చెక్క రీపర్లతో 12 సెం.మీ. చదరం ఖాళీ ఉండేలా ఫ్రేము చేసి, ప్యానెల్‌ను దాని మీద పెట్టండి. పాత బేరింగుల్లో దొరికే ఉక్కు గుండు తీసుకోండి. 25 మి.మీ. గుండు సుమారు 64 గ్రాములుంటుంది. అది కాస్త వదులుగా పట్టే పీవీసీ పైపు నిలువుగా నిలబెట్టి, 20 సెం.మీ.కో రంధ్రం చేసి అడ్డంగా మేకు పెట్టండి. మేకు లాగితే గుండు ప్రతిసారీ ఒకే చోట పడుతుంది.

దెబ్బ శక్తి = బరువు కిలోల్లో × 9.8 × ఎత్తు మీటర్లలో. ఈ గుండు మీటరు నుంచి పడితే సుమారు 0.63 జౌళ్లు. 20 సెం.మీ.తో మొదలుపెట్టి పెంచుకుంటూ వెళ్లండి, ఒక్కో ప్యానెల్‌కు ఒక్కటే దెబ్బ. గుండు ఒకసారి తగిలి ఎగరగానే, రెండోసారి పడకుండా పైపు కింద అట్టముక్క అడ్డం పెట్టండి. ల్యాబుల్లో 16 మి.మీ. అర్ధగోళపు ముక్కున్న బరువును జారవిడిచేటప్పుడూ రెండో దెబ్బ తగలకుండా ఆపుతారు. కళ్లద్దాలు పెట్టుకోండి.

4. లోపల ఏం జరిగిందో చూడటం

సొట్ట లోతును వెర్నియర్‌తో కొలవండి. తర్వాత రూపాయి బిళ్లతో ప్యానెల్ అంతా మెల్లగా తట్టండి. బాగున్న చోట టక్కుమంటుంది, పొర ఊడిన చోట, కోర్ నలిగిన చోట శబ్దం మందంగా వస్తుంది. శబ్దం మారిన చోటల్లా పెన్సిల్‌తో గీయండి. ఆ గీత సొట్ట కన్నా వెడల్పుగా ఉంటే, కంటికి కనబడని నష్టం అంత ఉందన్నమాట. విమానాల మెయింటెనెన్స్‌లో కూడా ఈ తట్టే పరీక్ష వాడతారు.

ఒక ప్యానెల్‌ను సొట్ట మధ్యలోంచి కోసి చూడండి. గడి గోడలు పై పొరకు దగ్గరగా చిన్నచిన్న మడతలు పడి ఉంటాయి, అడుగున నిటారుగానే ఉండొచ్చు. దెబ్బ శక్తిని మింగింది ఆ మడతలే. 1969లో చంద్రుడి మీద దిగిన అపోలో ల్యాండర్ కాళ్లలో అల్యూమినియం తేనెపట్టును పెట్టింది దీనికోసమే. అక్కడ నలగడమే దాని పని. ప్యానెల్‌లో మాత్రం అదే నష్టం.

5. మిగిలిన బలం

సొట్ట మధ్యలో వచ్చేలా 5 సెం.మీ. వెడల్పు పట్టీ కోసి, సొట్ట పైకి ఉంచి, 12 సెం.మీ. దూరంలో ఉన్న రెండు రీపర్ల మీద పెట్టండి. సొట్టకు అటూ ఇటూ, 5 సెం.మీ. ఎడంగా రెండు పెన్సిళ్లు, వాటి మీద పలక, పలక మీద బకెట్. మగ్గుతో నీళ్లు పోస్తూ వెళ్లండి, లీటరు అంటే కిలో. పట్టీ కూలినప్పటి బరువును దెబ్బ తినని పట్టీ మోసిన బరువుతో భాగిస్తే మిగిలిన బలం తెలుస్తుంది. వంగినప్పుడు పై పొర నొక్కుకుంటుంది, అక్కడ దాన్ని ఆపాల్సిన కోర్ నలిగిపోయి ఉంటుంది. అందుకే కూలడం సొట్ట దగ్గరే మొదలవుతుంది.

6. ఏం మారిస్తే మెరుగు?

ఒకసారికి ఒక్కటే మార్చండి. నా సలహా, ముందు దెబ్బ తగిలే వైపు అట్టను రెండు పొరలు చేయండి. దెబ్బ ఎక్కువ గడులకు పంచుకుపోతుంది. ఆ తర్వాత గడి సైజు తగ్గించండి. జిగురు గీత 4 మి.మీ., ఖాళీ 12 మి.మీ., జరుపు 8 మి.మీ. అయితే కోర్ ఇంకా గట్టిపడుతుంది. ప్రతి మార్పుకూ ప్యానెల్ బరువు తూచి రాయాలి, బరువు చూడకుండా బలం పెరిగిందనడం ఇలాంటి నిర్మాణంలో అర్థం లేని మాట.

పోల్చాల్సిన ప్యానెళ్లన్నీ ఒకేచోట ఆరబెట్టి ఒకే రోజు పరీక్షించండి. కాగితం తేమ పీల్చుకుంటే మెత్తబడుతుంది, వానాకాలంలో అంకెలు మారిపోతాయి.