మైకు కొనకముందు గొంగడి వెతకండి

నల్లగొండ, పాలమూరు వైపు ఇళ్లలో గొంతు రికార్డింగును చెడగొట్టేది చాలాసార్లు మైకు కాదు, అర్ర. పైన స్లాబు, కింద టైల్సో తాండూరు బండలో, చుట్టూ నున్నటి గోడలు. మాట ఎటు పోయినా తగిలి వెనక్కి వస్తుంది. అర్ర నడుమ నిలబడి చేతులు గట్టిగా ఒక్కసారి చరచండి. చప్పుడు ఆగినంక ‘జ్జీం’ అని తోక మిగిలితే, అది మీ ప్రతి మాటకూ అంటుకుంటుంది. ఫ్యాను హోరును తర్వాత కొంత తగ్గించుకోవచ్చు. ఈ గింగురును తీయబోతే మాత్రం గొంతు కూడా దెబ్బతింటుంది.

అందుకే ఖాళీ హాలు వద్దు. పరుపు, బట్టల బీరువా, బొంతల మూటలు నిండిన చిన్న అర్రే మేలు. మైకు మిమ్మల్నే కాదు, మీ వెనకున్న గోడనూ వింటుంది. కాబట్టి మొదటి గొంగడి మీ వెనకే. గోడకు ఆనించకుండా, బెత్తెడో జానెడో ఎడంగా దండెం కట్టి, గొంగడిని రెండు మడతలుగా వేలాడేయండి. మందపాటి ఉన్ని చప్పుడును బాగా మింగుతుంది, వెనకున్న ఖాళీ వల్ల ఇంకొంచెం లోతు శబ్దాలూ తగ్గుతాయి. రెండోది మైకు వెనక, మూడోది దొరికితే పక్కన. గొంగడి లేకుంటే బొంత. నారాయణపేట చీర ఎంత అందంగా ఉన్నా ఇక్కడ పనికిరాదు, పల్చటి బట్టలోంచి చప్పుడు దూరిపోతుంది. గోడకు గుడ్ల అట్టలు అంటించడమూ దండగే. టేబుల్ మీద మాత్రం తువ్వాల పరచండి.

మైకు నోటికి జానెడు దూరంలో ఉండాలి. దూరం సగానికి తగ్గిస్తే గొంతు దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, అర్ర గింగురు ఉన్నంతే ఉంటుంది. అట్లని మూతికి ఆనిస్తే చాలా మైకుల్లో గొంతు కుండలోంచి వచ్చినట్టు బరువెక్కుతుంది. అరచేతిని నోటి ముందు పెట్టి ‘పప్పు’, ‘ఫలం’, ‘భగభగ’ అని చూడండి. చేతికి తగిలిన ఆ గాలే మైకులో ‘ధబ్’మంటుంది. మైకును పెదవుల మూలకు జరిపి, దాని మొహం మాత్రం నోటి వైపే తిప్పి ఉంచితే గాలి పక్క నుంచి పోతుంది.

ఫోనులోనైతే మాట వినే మైకు ఛార్జింగ్ రంధ్రం పక్కనుంటుంది. ఫోను చేత పట్టుకోకుండా, ఆ రంధ్రం నోటి వైపు ఉండేలా మడిచిన తువ్వాల మీద పడుకోబెట్టి, ఎయిర్‌ప్లేన్ మోడ్ వేయండి. కాలర్ మైకు గడ్డానికి జానెడు కింద పెట్టాలి. పుస్తెలతాడు, గొలుసు దానికి రాసుకోకుండా చూసుకోండి.

రికార్డింగ్ యాప్ సెట్టింగ్స్: 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో, వేవ్ ఫైలు. మీరు అన్నిటికన్నా గట్టిగా పలికే వాక్యాన్నే పరీక్షకు చదవండి. చప్పుడు ఎంతుందో చూపే ముల్లు మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ నడుమ ఆడాలి. సున్నాను తాకితే మాట చిట్లుతుంది, తర్వాత అతకదు.

ఫ్యాను, కూలరు, ఫ్రిజ్ ఆపండి. ఫ్రిజ్ ఆపినప్పుడు బండి తాళంచెవి దాని మీదే పెట్టండి, లేకుంటే మళ్లీ వేయడం మరిచి పెరుగు పులుస్తుంది. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేస్తే సన్నటి గుయ్‌మనే చప్పుడు పోవచ్చు. ఎండాకాలం కూలరు లేకుండా కూర్చోవాలంటే తెల్లవారుజామున 4 నుంచి 6 లోపే వీలు. మిర్యాలగూడలో రైస్‌మిల్లు దగ్గరుంటే ఆ గుర్రును ఏ గొంగడీ ఆపదు. తర్వాత 80 హెర్ట్జ్ దగ్గర హైపాస్ ఫిల్టర్ (అంతకన్నా లోతు శబ్దాలను కోసేది) వేస్తే కొంత తగ్గుతుంది.

మాట మొదలుపెట్టేముందు 10 సెకన్లు కదలకుండా మౌనంగా రికార్డు చేయండి. ఆడాసిటీ అనే ఉచిత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ముందు హైపాస్ వేసి, ఆ మౌనాన్ని సెలెక్ట్ చేసి నాయిస్ ప్రొఫైల్ (అర్ర హోరు నమూనా) తీసుకుని, మొత్తం ఫైలులో ఆ హోరును 6 నుంచి 12 డెసిబెల్స్ తగ్గించండి. అంతకు మించితే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టవుతుంది.

చదువుతూ తప్పు పోతే ఆపొద్దు. రెండుసార్లు చేతులు చరిచి, ఆ వాక్యాన్ని మొదటి నుంచి మళ్లీ చదవండి. ఎడిటింగులో ఆ రెండు చప్పట్లు ముళ్లలా నిటారుగా కనిపిస్తాయి, కత్తెర అక్కడే.