చాలా ఏళ్ల తర్వాత పాపసంకీర్తనానికి వెళ్తున్నారా

తపస్సుకాలం (ఈస్టర్‌కి ముందొచ్చే ఉపవాస రోజులు) రాగానే చాలామంది క్యాథలిక్కులు ఇదే అడుగుతారు, పదేళ్లయింది పాపసంకీర్తనం చేసి, అంటే ఫాదర్ దగ్గరికెళ్లి పాపాలు ఒప్పుకుని, ఇప్పుడెలా అని. ముందు రోజు రాత్రి ఫోన్ పక్కన పెట్టేసి పది ఆజ్ఞలు ఒక్కొక్కటే చదువుకోండి, ఎక్కడ తప్పానో చూసుకోండి, గుర్తుండదనుకుంటే చీటీ మీద రాసుకోండి, తర్వాత చింపేయొచ్చు. బైబిల్లో 51వ కీర్తన కూడా చదవండి, పరాయివాడి భార్య బత్షెబ విషయంలో దావీదు రాజు చేసింది చిన్న తప్పేం కాదు, అయినా ఆ కీర్తనలో సాకులు చెప్పకుండా దేవుని కృపనే అడిగాడు.

లోపలికెళ్లాక సిలువ గుర్తు వేసుకుని, ఎన్నాళ్లయిందో చెప్పండి. ప్రార్థన మర్చిపోతే ఫాదర్ని అడగండి, ఆయనే చెప్పిస్తారు, అందులో నామోషీ ఏం లేదు. పెద్ద పాపాలు ముందు చెప్పేయండి, సుమారుగా ఎన్నిసార్లో కూడా. కథలొద్దు, మా అత్తగారు ఇలా అన్నారు కాబట్టి నేనలా అన్నాను అని మొదలెడితే అది ఆవిడ పాపసంకీర్తనం అయిపోద్ది 😄

ఊళ్లో తెలిసిపోద్దని భయమా? విన్నది బయటపెట్టడానికి ఫాదర్‌కి అస్సలు అధికారం లేదు, కోర్టు అడిగినా సరే. మొహమాటంగా ఉంటే పక్క విచారణకి, అంటే పక్క ఊరి చర్చికి వెళ్లండి, తప్పు లేదు.

క్షమాపణ ప్రార్థన అయ్యాక ఆయనిచ్చిన ప్రాయశ్చిత్తం ఆ రోజే చేసేయండి. ఎవరి డబ్బైనా తీసుకునుంటే అది మాత్రం తిరిగివ్వాల్సిందే.