పందులకు ఫ్లూ టీకా: చలికాలం రాకముందే చూసుకోవాల్సినవి

షెడ్డులో దగ్గులు మొదలయ్యాక టీకా కోసం పరుగెత్తి లాభం లేదు. వైరస్ సోకిన 1 నుంచి 3 రోజుల్లోనే జ్వరం వస్తుంది, మేత మానేస్తాయి, మందంతా ఒకేసారి కూలబడుతుంది. చావులు తక్కువే, చాలావరకు వారంలో కోలుకుంటాయి. అయితే ఆ వారంలో తగ్గిన తూకం, వెంటబడే న్యుమోనియా బాగా నష్టపెడతాయి. చంపిన వైరస్‌తో చేసిన టీకా మొదటిసారి వేస్తుంటే సాధారణంగా 2 డోసులు కావాలి, మధ్యలో 2 నుంచి 4 వారాల ఎడం ఉండాలి. కాబట్టి చలికి రెండు నెలల ముందే మొదలుపెట్టాలి.

అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది, మీ మందలో తిరుగుతున్నది ఏ రకమన్నది. పందుల్లో హెచ్‌1ఎన్‌1, హెచ్‌1ఎన్‌2, హెచ్‌3ఎన్‌2 ఉన్నాయి, వాటిలోనూ ఎన్నో తేడాలు. జ్వరం అప్పుడే మొదలైన పందుల ముక్కు స్రావం పరీక్షకు పంపించండి. సరిపోలని టీకా వేస్తే పని చేయకపోవడమొక్కటే కాదు, తర్వాత వేరే హెచ్‌1 రకం సోకినప్పుడు ఊపిరితిత్తుల జబ్బు ఇంకా ముదిరిన సందర్భాలు ప్రయోగాల్లో కనిపించాయి. టీకా అంటే ఏదో ఒకటి పొడిపించేయడం అనుకునేవారికి ఇది చెప్పాల్సిందే.

పంది పిల్లల విషయం ఇంకా చిక్కు. పందుల్లో మావి గుండా యాంటీబాడీలు, అంటే రోగాన్ని అడ్డుకునే రక్షణ పదార్థాలు, పిల్లకు చేరవు. పుట్టిన 24 గంటల్లో తాగే ముర్రుపాలే ఆధారం. అందుకే చూడి పందికి ఈనడానికి కొన్ని వారాల ముందు టీకా వేస్తారు, ప్రతి పిల్లా ముర్రుపాలు తాగిందో లేదో చూసుకోవాలి. కానీ కాపాడే ఆ యాంటీబాడీలే, పిల్లకు తొందరపడి వేసిన టీకాను పనిచేయనివ్వవు. అవి తగ్గేదాకా, అంటే కొన్ని వారాలు, కొన్నిసార్లు 3 నెలల దాకా ఆగాలి. ఎప్పుడు వేయాలో రక్తపరీక్ష చూసి పశువైద్యుడు చెప్పాలి. ఈలోగా పిల్లలు దగ్గకుండానే వైరస్‌ను మోయగలవు, వాటిని వేరే గుంపులతో కలపకండి.

ముక్కులో వేసే, బలహీనపరిచిన బతికున్న వైరస్ టీకా అమెరికాలో 2017లో అనుమతి పొందింది. శ్వాసనాళంలోనే రక్షణ పుట్టిస్తుంది గనుక కాస్త ఎక్కువ రకాల ఫ్లూను అడ్డుకోగలదు. అయితే టీకాలోని వైరస్ మందలో తిరిగే వైరస్‌తో కలిసి జన్యువులు మార్చుకుని కొత్త రకంగా మారగలదు. మందలో ఫ్లూ తిరుగుతుండగా దాన్ని వాడకండి.

పనివాళ్లకు సీజన్ ఫ్లూ టీకా తప్పనిసరి చేయండి. 2009 మహమ్మారి వైరస్ మనుషుల నుంచి పందులకు పదే పదే పాకింది. జలుబు చేసినవారు షెడ్డుకు రాకూడదు.

టీకా సీసాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచండి, గడ్డకట్టినవి పారేయండి. జ్వరంగా ఉన్న పందికి వేయకండి. టీకా వేసిన ఎన్నాళ్లకు కోతకు పంపవచ్చో లేబుల్ మీద ఉంటుంది, ఆ తేదీ రాసి పెట్టుకోండి.